జాన్ మియర్‌షైమర్: రష్యాపై ఒక మాట.. చైనాపై మరో మాట.. ఎవరీ ప్రొఫెసర్? అగ్రరాజ్యాల పోరు గురించి ఏం చెబుతున్నారు?

ఉక్రెయిన్ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ఫోన్లలో ఒక అమెరికా ప్రొఫెసర్ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. పేరు జాన్ మియర్‌షైమర్. 2015లో షికాగో యూనివర్సిటీలో ఆయన చెప్పిన ఓ పాఠం యూట్యూబ్‌లో ఉంది. గంటకు పైగా సాగే మామూలు లెక్చర్ అది. మ్యూజిక్ లేదు, హంగామా లేదు. తెర మీద కొన్ని మ్యాపులు, పక్కన నిలబడి మాట్లాడే ఓ పెద్దాయన.. అంతే. అయినా ఆ వీడియోకు కోట్లలో వ్యూస్ వచ్చాయి.

ఆ పాఠం సారాంశం ఒక్కటే. ఉక్రెయిన్ సంక్షోభానికి ప్రధాన బాధ్యత అమెరికాదీ, దాని మిత్రదేశాలదీ అని. ఒక అమెరికన్, అదీ ఒకప్పటి సైనికాధికారి, ఈ మాట అనడమే చాలామందిని ఆకట్టుకుంది. కొందరు ఆయన్ను జోస్యం చెప్పిన మేధావి అన్నారు. మరికొందరు రష్యా గొంతు అని తిట్టిపోశారు.

కానీ ఆయన వేరే వీడియోలు చూస్తే తికమక మొదలవుతుంది. రష్యాను రెచ్చగొట్టొద్దని చెప్పే ఇదే మనిషి, చైనా విషయానికి వచ్చేసరికి మాత్రం గట్టిగా అడ్డుకోవాల్సిందే అంటారు. ఒకచోట మెతక, మరోచోట కఠినం. ఇంతకీ ఈయన ఏ పక్షం? అసలు ఈయన చెప్పేదేంటి? ఇన్నేళ్లలో ఆయన లెక్క ఎక్కడ కరెక్ట్ అయింది, ఎక్కడ తప్పింది? వివరంగా చూద్దాం.

17 ఏళ్లకే సైన్యంలోకి

మియర్‌షైమర్ 1947 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. 17 ఏళ్ల వయసులో సాధారణ సైనికుడిగా అమెరికా ఆర్మీలో చేరారు. ఏడాది తర్వాత వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీకి వెళ్లారు. 1970లో అక్కడ చదువు పూర్తి చేసి, ఆ తర్వాత ఐదేళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో ఆఫీసర్‌గా పనిచేశారు. అది వియత్నాం యుద్ధ కాలం.

యూనిఫాంలో ఉండగానే చదువు మీదకు మనసు మళ్లింది. 1974లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి అంతర్జాతీయ సంబంధాల్లో మాస్టర్స్ చేశారు. తర్వాత కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ. మధ్యలో వాషింగ్టన్‌లోని బ్రూకింగ్స్ సంస్థలో, ఆ తర్వాత హార్వర్డ్‌లో కొంతకాలం పరిశోధన. 1982లో షికాగో యూనివర్సిటీలో అడుగుపెట్టారు. ఇక అక్కడి నుంచి కదల్లేదు.

చాలామంది అమెరికా ప్రొఫెసర్లు కొన్నేళ్లు ప్రభుత్వంలో, కొన్నేళ్లు యూనివర్సిటీలో గడుపుతారు. మియర్‌షైమర్ మాత్రం క్లాస్‌రూమ్‌లోనే ఉండిపోయారు. విదేశాంగ శాఖలో ఏ పదవీ చేయలేదు. ఆయన గుర్తింపంతా పుస్తకాలు, వ్యాసాలు, లెక్చర్ల మీదే నిలబడింది.

మొదటి ప్రశ్న: దాడి చేసేవాడు ఎప్పుడు ఆగుతాడు?

1983లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం అణ్వాయుధాల గురించి కాదు. ట్యాంకులు, పదాతిదళాలతో జరిగే మామూలు యుద్ధాల గురించి. ఒక దేశం పక్క దేశం మీద దాడికి ఎప్పుడు దిగుతుంది, ఎప్పుడు వెనక్కి తగ్గుతుంది అన్నదే అందులో ప్రశ్న.

ఆయన ఇచ్చిన జవాబు ఇది. తక్కువ ఖర్చుతో, కొద్ది రోజుల్లో గెలిచేస్తామన్న నమ్మకం ఉంటే దాడికి దిగుతారు. యుద్ధం ఏళ్ల తరబడి సాగి, ఇద్దరూ రక్తం కార్చుకునే పరిస్థితి కనిపిస్తే ఆగుతారు. అంటే ఎవరి దగ్గర ఎన్ని ట్యాంకులున్నాయి అన్నదొక్కటే ముఖ్యం కాదు. యుద్ధం ఎంత త్వరగా ముగుస్తుందని దాడి చేసేవాడు లెక్కేస్తున్నాడు అన్నది కూడా ముఖ్యమే.

1988లో వచ్చిన రెండో పుస్తకం ఇంకా ఆసక్తికరం. లిడెల్ హార్ట్ అనే ప్రఖ్యాత బ్రిటిష్ సైనిక రచయిత గురించి. 1930ల్లో ఆయన ఇచ్చిన సలహాలు చాలావరకు తప్పాయని, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తాను ముందే అన్నీ చెప్పినట్టు తన రికార్డును తానే తీర్చిదిద్దుకున్నారని మియర్‌షైమర్ రాశారు. అంటే, నిపుణుల మాటను కాదు.. వాళ్ల రికార్డును చెక్ చేయాలి అన్నమాట. ఇప్పుడు జనం మియర్‌షైమర్ విషయంలో చేస్తున్నది కూడా అదే.

పోలీస్ స్టేషన్ లేని కాలనీ

మియర్‌షైమర్‌కు అసలైన పేరు తెచ్చిన పుస్తకం 2001లో వచ్చింది. దాని పేరు 'ది ట్రాజెడీ ఆఫ్ గ్రేట్ పవర్ పాలిటిక్స్'. అగ్రరాజ్యాల రాజకీయాల్లోని విషాదం అని అర్థం. ఆయన సిద్ధాంతాన్ని 'అఫెన్సివ్ రియలిజం' అంటారు. పేరు భారీగా ఉన్నా విషయం సింపుల్.

ఒక కాలనీ ఊహించుకోండి. పోలీస్ స్టేషన్ లేదు. కోర్టు లేదు. 100కి డయల్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. కొందరి ఇళ్లలో తుపాకులున్నాయి. పక్కింటాయన ఇవాళ మంచివాడే. రేపు ఆయన మనసు మారొచ్చు, లేదా ఆ ఇంటి పెత్తనం వేరేవాళ్ల చేతికి పోవచ్చు. అప్పుడు మీరేం చేస్తారు? గోడ ఎత్తు పెంచుతారు. మీరూ ఒక తుపాకీ కొంటారు. అది చూసి పక్కింటాయన రెండు కొంటాడు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అయినా గొడవకు అన్నీ సిద్ధమైపోయాయి.

దేశాల మధ్య జరిగేది ఇదే అంటారు మియర్‌షైమర్. ఆయన వాదన ఐదు పాయింట్ల మీద నిలబడుతుంది.

- దేశాలన్నిటి మీద పెత్తనం చేసే ప్రభుత్వం ఏదీ లేదు.
- ప్రతి పెద్ద దేశం దగ్గరా ఎదుటివాళ్లను దెబ్బతీసే బలం ఎంతో కొంత ఉంటుంది.
- ఎదుటి దేశం మనసులో ఏముందో కచ్చితంగా ఎవరికీ తెలియదు.
- ఏ దేశానికైనా మొదటి లక్ష్యం బతికి ఉండటమే.
- దేశాలు సాధారణంగా లెక్కలు వేసుకునే అడుగు వేస్తాయి.

ఈ ఐదూ కలిస్తే వచ్చే ఫలితం ఒక్కటే. పక్కవాళ్లకంటే వీలైనంత ఎక్కువ బలం సంపాదించుకోవడమే క్షేమం. ఇక్కడే ఆయన మిగతా పండితులతో విడిపోతారు. ఇదే రియలిస్ట్ వర్గంలో పెద్దాయన కెన్నెత్ వాల్ట్జ్ 1979 నాటి పుస్తకంలో వేరే మాట చెప్పారు. మితిమీరి బలం పెంచుకుంటే మిగతావాళ్లంతా ఏకమై మీ మీదకు వస్తారు, కాబట్టి సరిపడా ఉంటే చాలు అని వాల్ట్జ్ లైన్. 'సరిపడా' అంటే ఎంతో ఎవరికీ తెలియదు, అందుకే దేశాలు ఆగవు అని మియర్‌షైమర్ లైన్.

ఇందులో విషాదం ఎక్కడుంది? ఎవరికీ యుద్ధం ఇష్టం లేకపోయినా, భయం కారణంగానే అందరూ ఆ దారిలోకి వెళ్తారు. నాయకుడు మంచివాడా, చెడ్డవాడా, అది ప్రజాస్వామ్యమా, నియంతృత్వమా అన్నది ఈ లెక్కలో పెద్దగా పనికిరాదు.

రష్యాపై మెతక, చైనాపై కఠినం.. ఎందుకు?

ఈ సిద్ధాంతం ప్రకారం ప్రపంచం మొత్తాన్ని ఏ దేశమూ ఏలలేదు. మహాసముద్రాలు అడ్డం. సముద్రం దాటి సైన్యాన్ని పంపి ఒక పెద్ద దేశాన్ని గెలవడం దాదాపు అసాధ్యం. కాబట్టి సాధ్యమయ్యేది రెండు పనులు. ఒకటి, తన ప్రాంతంలో తానే పెద్దన్నగా ఉండటం. రెండు, ఇంకెక్కడా మరో పెద్దన్న తయారు కాకుండా చూసుకోవడం.

అమెరికా చేసింది ఇదే అంటారాయన. 1823లోనే మన్రో సిద్ధాంతం పేరుతో, అమెరికా ఖండాల జోలికి రావొద్దని యూరప్ దేశాలను హెచ్చరించింది. ఆ తర్వాత 20వ శతాబ్దంలో జర్మనీ, జపాన్, సోవియట్ యూనియన్.. ఎవరు తమ ప్రాంతంలో పెద్దన్న కావాలని చూసినా అడ్డుపడింది.

ఇప్పుడు ఆ స్థాయికి చేరే సత్తా ఉన్నది చైనాకే. 140 కోట్ల జనాభా, దానికి తగ్గ ఆర్థిక బలం. చైనా కూడా ఆసియాలో అమెరికా దారినే పడుతుందని, అమెరికా దాన్ని ఆపాలని చూస్తుందని, పోటీ తప్పదని మియర్‌షైమర్ వాదన.

రష్యా సంగతి వేరు. అణ్వాయుధాలున్నాయి నిజమే. కానీ జనాభాలో, ఆర్థిక బలంలో చైనాకు చాలా దూరం. యూరప్ మొత్తాన్ని ఏలే శక్తి దానికి లేదన్నది ఆయన అంచనా. అలాంటి దేశాన్ని అనవసరంగా మూలకు నెడితే వెళ్లి చైనా పక్కన చేరుతుంది. అమెరికాకు అదే అసలు నష్టం అంటారు. 2022 ఫిబ్రవరి 4న, అంటే యుద్ధానికి సరిగ్గా 20 రోజుల ముందు, పుతిన్, షీ జిన్‌పింగ్ బీజింగ్‌లో కలిశారు. తమ స్నేహానికి హద్దుల్లేవని ఉమ్మడి ప్రకటన చేశారు.

సో, ఆయన రష్యా అభిమానీ కాదు, చైనా ద్వేషీ కాదు. రెండు చోట్లా వాడింది ఒకే కొలబద్ద. ఎవరు ఎంత బలవంతులు అన్నదే ఆయన చూసేది.

జోస్యాల చిట్టా.. ఎన్ని నిజమయ్యాయి?

ముందు తప్పిన లెక్కలు చూద్దాం.

1990లో కోల్డ్ వార్ ముగుస్తుంటే ప్రపంచమంతా సంబరాల్లో ఉంది. మియర్‌షైమర్ మాత్రం త్వరలోనే ఆ రోజులే నయం అనుకుంటారని రాశారు. రెండు అగ్రరాజ్యాల సైన్యాలూ వెళ్లిపోతే యూరప్‌లో పెద్ద దేశాల మధ్య పాత పగలు మళ్లీ లేస్తాయని, జర్మనీ అణ్వాయుధాల వైపు చూడొచ్చని హెచ్చరించారు. అలా జరగలేదు. జర్మనీ, ఫ్రాన్స్ ఇంకా దగ్గరయ్యాయి. నాటో ఖాళీ కాలేదు, పెరిగింది. అమెరికా సైన్యం యూరప్‌లో ఉండిపోయింది కాబట్టే గొడవలు రాలేదన్నది ఆయన వైపు నుంచి వచ్చే జవాబు.

1993లో ఉక్రెయిన్ నేల మీద ప్రపంచంలోనే మూడో అతిపెద్ద అణ్వాయుధ నిల్వ ఉంది. సోవియట్ కాలం నాటి ఆయుధాలవి. వాటిని ఉక్రెయిన్ ఉంచుకోవాలని, రష్యా నుంచి కాపాడేవి అవేనని మియర్‌షైమర్ రాశారు. ఉక్రెయిన్ వాటిని వదులుకోదని కూడా అంచనా వేశారు. ఆ అంచనా తప్పింది. 1994 డిసెంబర్‌లో బుడాపెస్ట్ ఒప్పందం కుదిరింది. భద్రతపై హామీలు తీసుకుని ఉక్రెయిన్ ఆ ఆయుధాలు అప్పగించింది. కానీ ఆయన హెచ్చరించిన ప్రమాదం మాత్రం నిజమైంది. 21 ఏళ్ల తర్వాత, 2014లో, హామీ ఇచ్చిన దేశాల్లో ఒకటైన రష్యానే క్రిమియాను కలిపేసుకుంది.

ఇక నిజమైన లెక్కలు. 1991 గల్ఫ్ యుద్ధంలో భారీ ప్రాణనష్టం తప్పదని చాలామంది భయపడుతుంటే, అమెరికా వేగంగా గెలుస్తుందని ఆయన ముందే చెప్పారు. భూతల యుద్ధం దాదాపు 100 గంటల్లో ముగిసింది.

2002 సెప్టెంబర్‌లో ఇరాక్ మీద యుద్ధం అమెరికాకు మేలు చేయదంటూ 33 మంది పండితులు న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన ఇచ్చారు. అందులో మియర్‌షైమర్ ఒకరు. ఎవరూ వినలేదు. 2003 మార్చిలో యుద్ధం మొదలైంది. సాకుగా చూపించిన సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకలేదు.

చైనా విషయం అన్నిటికంటే పెద్దది. 2001 డిసెంబర్‌లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. వ్యాపారం పెరిగితే చైనా మెత్తబడుతుందని అప్పట్లో వాషింగ్టన్‌లో చాలామంది నమ్మారు. అదే ఏడాది వచ్చిన పుస్తకంలో మియర్‌షైమర్ ఇది పొరపాటు విధానమని రాశారు. చైనాకు డబ్బు వస్తే అది సైనిక బలంగా మారుతుందని చెప్పారు. 16 ఏళ్ల తర్వాత, 2017 డిసెంబర్‌లో, అమెరికా జాతీయ భద్రతా పత్రమే చైనాను, రష్యాను పోటీదారులుగా పేర్కొంది.

సొంత సిద్ధాంతానికే చిక్కు?

2006లో మియర్‌షైమర్ కెరీర్‌లో పెద్ద దుమారం రేగింది. హార్వర్డ్ ప్రొఫెసర్ స్టీఫెన్ వాల్ట్‌తో కలిసి ఇజ్రాయెల్ లాబీ మీద ఓ వ్యాసం రాశారు. మొదట అడిగి రాయించుకున్న అమెరికా పత్రిక దాన్ని వేసుకోలేదు. చివరికి లండన్ రివ్యూ ఆఫ్ బుక్స్‌లో వచ్చింది. 2007లో పుస్తకమైంది. పశ్చిమాసియాలో అమెరికా విధానం దాని సొంత ప్రయోజనాల కంటే ఈ లాబీ ఒత్తిడి వల్లే నడుస్తోందన్నది అందులో వాదన.

యూదు వ్యతిరేకత అంటూ గట్టి విమర్శలు వచ్చాయి. ఇద్దరూ ఖండించారు. ఇదికాక ఇంకో చిక్కు ప్రశ్న కూడా ఎదురైంది. దేశాలు బలాబలాలు చూసే నడుస్తాయి, లోపలి రాజకీయాలతో పనిలేదు అని చెప్పింది మీరే కదా? మరి ఇక్కడ లోపలి లాబీనే విధానాన్ని నడిపిస్తోందంటే ఎలా? తన సిద్ధాంతం అన్ని కేసులకూ సరిపోదని, కొన్నిసార్లు దేశాలు దాన్ని దాటి నడుస్తాయని మియర్‌షైమర్ ఒప్పుకుంటారు.

ఉక్రెయిన్: వివరించడమా, సమర్థించడమా?

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో జరిగిన నాటో సదస్సు ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా తమ సభ్యులవుతాయని ప్రకటించింది. అన్నిటికీ మూలం ఇదేనని 2014లో 'ఫారిన్ అఫైర్స్' పత్రికలో మియర్‌షైమర్ రాశారు. కెనడాలోనో మెక్సికోలోనో చైనా సైనిక కూటమి కడితే అమెరికా ఊరుకుంటుందా అన్నది ఆయన తరచూ వేసే ప్రశ్న.

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలుపెట్టింది. నాలుగు రోజుల్లోనే రష్యా విదేశాంగ శాఖ సోషల్ మీడియాలో ఆయన 2014 వ్యాసాన్ని షేర్ చేసింది. దాంతో విమర్శలు హోరెత్తాయి. బాంబులు వేసిన దేశానికి వాదన అందించారన్నది ఆరోపణ. విమర్శకులు ముఖ్యంగా మూడు పాయింట్లు లేవనెత్తారు.

మొదటిది, ఈ కథలో ఉక్రెయిన్ ఎక్కడుంది? అది అమెరికా, రష్యా మధ్య బంతి కాదు. ఎవరితో ఉండాలో తేల్చుకునే హక్కు అక్కడి ప్రజలకు ఉంటుంది. రెండోది, 2021 జులైలో పుతిన్ రాసిన వ్యాసం. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే జాతి అన్నది అందులో ఆయన వాదన. అది భద్రత భయంలా లేదు, ఉక్రెయిన్ అనే దేశం ఉనికినే ఒప్పుకోనట్టు ఉందన్నది విమర్శ. మూడోది ఫిన్లాండ్. 2023 ఏప్రిల్‌లో ఫిన్లాండ్ నాటోలో చేరింది. రష్యాతో దానికి 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. నాటోనే కారణమైతే ఇక్కడ యుద్ధం ఎందుకు రాలేదు?

మరో విషయం ఆయనకు ఇంకా ఇబ్బందికరం. ఉక్రెయిన్ మొత్తాన్ని లొంగదీయాలని చూస్తే రష్యాకే నష్టమని, పుతిన్‌కు ఆ సంగతి తెలుసని 2014 వ్యాసంలోనే ఆయన రాశారు. 2022లో రష్యా సైన్యం రాజధాని కీవ్ దాకా వెళ్లింది. దీనికి ఆయన ఇచ్చే సమాధానం, 1,90,000 మందికి మించని సైన్యంతో అంత పెద్ద దేశాన్ని ఆక్రమించడం కుదరదని, బెదిరించి ఒప్పందానికి దించడమే రష్యా ఉద్దేశమని. ఈ జవాబు చాలామంది విమర్శకులకు నచ్చలేదు.

2023లో సెబాస్టియన్ రొసాటోతో కలిసి రాసిన 'హౌ స్టేట్స్ థింక్' పుస్తకంలో ఆయన ఇంకో అడుగు ముందుకేశారు. పుతిన్ నిర్ణయం లెక్క ప్రకారం తీసుకున్నదేనని వాదించారు. అయితే లెక్క వేసుకుని చేసినంత మాత్రాన అది న్యాయమైపోదని ఆ పుస్తకమే చెబుతుంది. క్లిప్పుల్లో ఎగిరిపోయేది సరిగ్గా ఈ తేడానే. దొంగతనం ఎందుకు జరిగిందో చెప్పడం వేరు, దొంగను వదిలేయమనడం వేరు. కానీ దొంగే ఆ వివరణను పట్టుకుని తిరుగుతుంటే, బాధితుడికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఆ బాధనూ కొట్టిపారేయలేం.

మనకేంటి సంబంధం?

అగ్రరాజ్యాల పోటీ మన గడప దాకా వచ్చిన విషయమే. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. 2022లో ఉక్రెయిన్‌లో చిక్కుకున్న వేలాది మంది మెడికల్ విద్యార్థుల్లో తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. ఆపరేషన్ గంగ ద్వారా వాళ్లు ఇంటికి చేరారు.

మియర్‌షైమర్ లెక్కలో భారత్‌కు స్పష్టమైన చోటుంది. చైనా బలపడేకొద్దీ దాని ఇరుగుపొరుగు దేశాలు భయంతో అమెరికాకు దగ్గరవుతాయని, అందులో భారత్, జపాన్ ముఖ్యమని ఆయన అంచనా. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసిన క్వాడ్ 2017లో మళ్లీ ప్రాణం పోసుకోవడం ఆ లెక్కకు సరిపోతుంది.

కానీ మొత్తం కథ అంతే కాదు. గల్వాన్ తర్వాత కూడా భారత్, చైనా వ్యాపారం ఏడాదికి 100 బిలియన్ డాలర్లు దాటింది. 2024 అక్టోబర్‌లో సరిహద్దు గస్తీపై రెండు దేశాలూ ఒప్పందానికి వచ్చాయి. ఉక్రెయిన్‌పై ఐక్యరాజ్యసమితి ఓటింగ్‌లో భారత్ ఏ పక్షానా ఓటు వేయలేదు. ఒక శిబిరంలో పూర్తిగా చేరిపోకుండా అందరితో పని చేయించుకునే ఈ పద్ధతి అఫెన్సివ్ రియలిజంలో అంత తేలిగ్గా ఇమడదు.

ఈసారి ఆ క్లిప్ కనిపిస్తే..

40 ఏళ్లకు పైగా సాగిన ఈ కెరీర్ చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పెద్ద దేశాలు దేనికి భయపడతాయి, ఎక్కడ ఢీకొంటాయి అన్నది ఆయన సిద్ధాంతం బాగా పట్టుకుంటుంది. ఆ దేశాల లోపల జనం ఏం కోరుకుంటారు, చిన్న దేశాలు ఎందుకు తలవంచవు అన్నది అంతగా పట్టుకోలేదు. 1990లో యూరప్ విషయంలో తప్పినా, 2022లో కీవ్ ఎంత పోరాడుతుందో లెక్కకు అందకపోయినా కారణం అక్కడే ఉంది.

కాబట్టి ఈసారి ఫోన్లో ఆయన ముప్పై సెకన్ల క్లిప్ కనిపిస్తే, మూడు విషయాలు చూసుకోండి. అది ఏ ఏడాదిది? ఆయన జరిగేది చెబుతున్నారా, జరగాల్సింది చెబుతున్నారా? ఆ క్లిప్ కింద రాసిన మాట ఆయనదా, పోస్ట్ చేసినవాళ్లదా? వీలుంటే పూర్తి వీడియో చూడండి. లిడెల్ హార్ట్ రికార్డును తిరగేసిన ప్రొఫెసర్‌కు, తన రికార్డును మనం తిరగేస్తే అభ్యంతరం ఉండకూడదు.